నిదానంగారి స్టూలు

ఆసుపత్రి పాత భవనంలో మెట్లకింద ఒక కొట్టుగది ఉంది. చక్రం ఊడిన స్ట్రెచరు, చేతులు విరిగిన కుర్చీలు, పారెయ్యడానికి మనసొప్పక వదిలేసిన ఫ్యాన్లు అందులో కాపురం చేస్తుంటాయి. వాటి మధ్య ఒక చెక్క స్టూలు. ఆ స్టూలు మీద కూర్చుని ఒకాయన ఏళ్ల తరబడి కునుకు తీశాడని ఆసుపత్రి మొత్తం గట్టిగా నమ్ముతుంది. నమ్మడానికి పెద్ద సాక్ష్యం ఏం కావాలి? చేతిలో ఫోను పట్టుకుని, తల వంచుకుని, ఆ మసకలో కూర్చున్న మనిషిని ఇద్దరు చూసి ముగ్గురికి చెబితే చాలు.

ఆ ఒకాయన నిదానంగారు. అసలు పేరు వేరే ఉంది గానీ దాంతో ఎవరికీ పని పడలేదు. ఆసుపత్రి కంప్యూటర్లన్నీ ఆయన చేతిలో ఉన్నన్నాళ్లూ ఆయన నోటివెంట వచ్చిన మాట ఒకటే: "చూద్దాం, నిదానంగా." ప్రింటరు ఆగిపోయిందన్నా అదే, పై అంతస్తు తగలబడుతోందన్నా అదే అంటాడని డాక్టర్లు నవ్వుకునేవారు. ఆయన రిటైరయ్యాక, ఆయన దగ్గర పని నేర్చుకున్నావిడే ఆ కుర్చీలో కూర్చుంది. ఆవిణ్ని అందరూ సర్వరమ్మ అంటారు.

సర్వరమ్మకి జాగ్రత్త ఒక పాలు ఎక్కువ. గ్యాసు ఆపిందో లేదో చూడ్డానికి సగం దారి నుంచి ఇంటికి తిరిగొచ్చే మనిషి. "మా ఆవిడ తాళం వేసి, లాగి చూసి, ఫోటో తీసుకుని, మళ్లీ లాగి చూస్తుంది" అని వాళ్లాయన చుట్టాల ముందు చెబుతుంటాడు. ఆవిడకి కోపం రాదు. ఫోటో తియ్యడంలో తప్పేముందో ఆవిడకి అర్థం కాదు, అంతే.

అలాంటి మనిషికి ఆ రోజు గుండెల్లో రాయి పడింది. ఆసుపత్రి వెబ్ సర్వరు మార్చాలి.

వెబ్ సర్వరంటే మరేం లేదు, బయటి నుంచి వచ్చే ఫోన్లకీ కంప్యూటర్లకీ తలుపు తీసే ప్రోగ్రాము. అడిగింది ఇస్తుంది, పంపింది అందుకుంటుంది. అది బాగా పాతబడింది. దొంగలు దూరే కన్నాలు దాంట్లో ఉన్నాయని తనిఖీవాళ్లు తేల్చి, సాయంత్రంలోగా మార్చకపోతే బయటి ప్రపంచంతో సంబంధం తెంపేస్తామని చెప్పి పోయారు. పోనీ సుఖంగా కొత్తది తెచ్చి పెడదామా అంటే, అది నడిచే లినక్సు, అంటే మిషన్ని నడిపే మూల ప్రోగ్రాము, ఇంకా పాతది. తయారుచేసినవాళ్లే దాన్ని గాలికొదిలేశారు, దానికి సరిపడే కొత్త సర్వరు ఎక్కడా తయారుగా దొరకదు, ఇక్కడే కట్టుకోవాలి. కొత్త మిషను ఇదిగో అదిగో అంటున్నారు తప్ప వచ్చింది లేదు.

తలుపే కదా, ఒక పూట మూస్తే కొంప మునుగుతుందా అనుకోవచ్చు. మునుగుతుంది. కొండల మీద ఈ ఆసుపత్రికి చిన్న చిన్న వైద్య కేంద్రాలున్నాయి. ఒక్కోదాంట్లో ఒక నర్సు. డాక్టరు ఉండడు. ఎవరికైనా గుండెనొప్పి వస్తే నర్సు ఈసీజీ తీసి, ఆ గీతల కాగితాన్ని ఫోనులో ఫోటో పట్టి ఈ తలుపులోంచి పంపుతుంది. ఇక్కడ గుండె డాక్టరు చూసి, ఏ ఇంజెక్షను ఇవ్వాలో, అసలు ఇవ్వొచ్చో లేదో చెబుతాడు. ఆ మాట రాకుండా ఇస్తే మనిషి రక్తం కక్కుకుని పోవచ్చు. ఇవ్వకపోతే ఎలాగూ పోవచ్చు. కిందికి తీసుకొద్దామంటే రోడ్డు మీద సగం రోజు.

అన్నిటికంటే ఎత్తైన కేంద్రంలో ఉన్న నర్సు సర్వరమ్మ చెల్లెలు.

"అక్కా, ఇవాళేదో మారుస్తున్నావట. మాకు ఆగిపోదు కదా?" అని పొద్దున్నే ఫోన్ చేసింది చెల్లెలు. అక్కడ మాట్లాడాలంటే మందుల గది కిటికీ చువ్వకి చెవి ఆనించి నిలబడాలి. వేరే చోట సిగ్నలు రాదు.

"ఆగదే. పాతదాన్ని ముట్టుకోను. పక్కన కొత్తది కట్టుకుంటాను. అంతా సరిచూసుకున్నాకే తలుపు దానికి అప్పజెబుతాను. తేడా వస్తే పాతదాన్ని వెంటనే లేపుతాను."

"నువ్వు సరిచూడ్డమంటే మాటలా! నా పెళ్లిలో వంటవాళ్ల గ్యాసు కూడా ఆపేశావు."

"ఆపాక మళ్లీ వెలిగించాను కదే!"

ఇద్దరూ నవ్వుకున్నారు. "ఆగదు, నాదీ పూచీ" అంది అక్క.

సెలవు రోజు కావడంతో ఆఫీసు ఖాళీగా ఉంది. మేనేజరు మాత్రం వచ్చి, టీ కప్పు పట్టుకుని ఆవిడ వెనకే తచ్చాడుతున్నాడు. ఆయనకి ఈ పని ఒక్క ముక్క అర్థం కాదు గానీ, నెత్తిమీద తనిఖీ కత్తి వేలాడుతుంటే ఇంట్లో కూర్చోలేకపోయాడు. సర్వరమ్మ పద్ధతిగా మొదలుపెట్టింది. ముందు మొత్తానికి ఒక నకలు తీసి వేరే చోట దాచింది. ఆ నకలు తెరుచుకుంటుందో లేదో తెరిచి చూసింది. కొత్త ప్రోగ్రాముని వేరే ఫోల్డరులో కట్టింది. ఎవరికీ తెలియని పక్క తలుపు మీద దాన్ని నడిపించింది. ఇక మిగిలింది పాత సెట్టింగుల ఫైలుని కొత్తదాంట్లోకి తేవడం. రెండు ఫైళ్లనీ పక్కపక్కన పెట్టుకుని లైను తరవాత లైను దింపడం మొదలుపెట్టింది. అన్నీ నిదానంగారు రాసిన లైన్లే. ప్రతి లైను పైనా అది ఎందుకు రాశాడో చక్కగా ఒక ముక్క రాసి పెట్టాడు.

ఒక్క లైనుకి తప్ప.

ఎవరైనా ఏదైనా పంపుతుంటే ఎంతసేపు ఓపిక పట్టాలో చెప్పే లైను అది. మామూలుగా అరనిమిషం ఇస్తారు. అంతకంటే నత్తనడకన వస్తే తలుపు మూసేస్తారు. నిదానంగారు వెయ్యి నూట నలభై ఏడు సెకన్లు ఇచ్చాడు. వెయ్యి కాదు, పన్నెండు వందలు కాదు. పైన ఒక్క ముక్క వివరణ లేదు.

"ఇదేంటి సార్, ఇంత పెట్టారు!" అని ఆవిడ పైకే అనేసింది.

మేనేజరు తొంగి చూశాడు. "ఎవరు, మన నిదానంగారా? ఆయన సెకను మన నిమిషం లెండి. అది పెట్టేటప్పుడు స్టూలు మీద కునుకులో ఉండుంటారు."

సర్వరమ్మ కూడా నవ్వింది. నవ్వింది గానీ ఊరికే తీసెయ్యలేదు. తనిఖీవాళ్లు ఇచ్చిన సూచనలు మళ్లీ చదివింది. ఇంతసేపు తలుపు బార్లా తీసి పెడితే అల్లరి మూకలు వందల కొద్దీ వచ్చి గుమ్మంలో కూర్చుని, మిగతావాళ్లని లోపలికి రానివ్వరని అందులో స్పష్టంగా ఉంది. అది నిజమే. నిదానంగారికి ఫోన్ చేసి అడుగుదామా అనుకుంది. ఆయన వెళ్లిపోయే రోజున ఈవిడే మేనేజరు పక్కన నిలబడి, "ఇకనుంచి పనులు చకచకా అవుతాయి సార్" అంది. అది ఆయన విన్నాడు. అప్పట్నుంచీ ఫోన్ చెయ్యడానికి ఈవిడకి మొహం చెల్లడం లేదు. అందుకని అడగలేదు. కొత్త ప్రోగ్రాము తనంతట తాను ఇచ్చే గడువునే ఉంచేసింది.

తరవాత పరీక్షలు. ఆఫీసు కంప్యూటరు నుంచి ఈసీజీ ఫోటో పంపింది, రెప్పపాటులో చేరింది. తన ఫోను నుంచి పంపింది, చేరింది. మేనేజరు ఫోను లాక్కుని పంపింది, చేరింది. ఇక చాలనుకుని, ఎవరి పనీ మధ్యలో లేదని చూసుకుని, పాతదాన్ని పక్కన కూర్చోబెట్టి తలుపు కొత్తదానికి అప్పజెప్పింది. కళ్లు మూసి తెరిచేలోగా అయిపోయింది. ఒక్కరికీ తెలియలేదు.

"శభాష్!" అన్నాడు మేనేజరు. తనిఖీవాళ్లకీ, పై అధికారులకీ, గుండె డాక్టరుకీ అందరికీ కబురు పెట్టేశాడు. తనిఖీవాళ్లు చూసి, కన్నాలు పూడాయని బదులిచ్చారు. సర్వరమ్మ డబ్బా విప్పి అన్నం తింది. ఆ రోజు ఆవిడకి నిజంగా ఆకలేసింది.

చెయ్యి కడుక్కుంటుండగా ఫోను మోగింది.

"అక్కా, కాగితం పోవడం లేదు." చెల్లెలు గబగబా చెప్పింది. "కుట్టుమిషను పిన్ని. ఛాతీ పట్టేసిందని కూలబడింది. ఈసీజీ తీశాను. పంపుతుంటే కాస్త వెళ్తోంది, ఆగిపోతోంది. మళ్లీ మొదటికి. మూడుసార్లయింది."

కుట్టుమిషను పిన్ని ఎవరో సర్వరమ్మకి బాగా తెలుసు. చెల్లెలు ఆ కొండెక్కిన కొత్తలో ఒంటరిగా ఏడుస్తుంటే తలుపు తట్టి, "నీ తెల్ల కోటు వదులుగా ఉందే, ఇలా ఇయ్యి" అని కొలతలు తీసుకుని, ఆ రోజు నుంచీ కన్నతల్లిలా కనిపెట్టుకుని ఉన్న మనిషి.

"గీతలు ఎలా ఉన్నాయో డాక్టరుగారికి ఫోన్‌లో చెప్పవే."

"గీతల్ని ఫోన్‌లో ఎలా చదవనక్కా? నాకు అనుమానంగా ఉంది. అనుమానం మీద ఆ ఇంజెక్షను పొడవనా? ఫ్రిజ్‌లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను."

"చిన్న ఫోటో తీసి పంపు."

"పంపాను. గీతలు అలుక్కుపోయాయి, ఏం చెప్పలేనన్నారు డాక్టరుగారు."

సర్వరమ్మ తెర ముందుకి పరిగెత్తి, సర్వరు రాసుకునే చిట్టా తెరిచింది. కొండమీది నుంచి వచ్చినవి మూడూ ఉన్నాయి. మూడింటి పక్కనా ఒకటే మాట: మరీ నెమ్మదిగా వస్తోంది, గడువు దాటింది, తలుపు మూశాను. అంటే సర్వరు పాడవలేదు. ఆవిడ చెప్పిన పని అది తు.చ. తప్పకుండా చేస్తోంది.

వెయ్యి నూట నలభై ఏడు. ఆ అంకె కళ్ల ముందు గిర్రున తిరిగింది.

ఆవిడ పరీక్షలన్నీ ఈ గదిలో కూర్చుని చేసింది. ఈ గదిలో అన్నీ రెప్పపాటులో చేరతాయి. చువ్వకి చెవి ఆనిస్తే తప్ప మాట వినపడని చోటి నుంచి ఫోటో ఎలా వస్తుందో ఒక్కసారైనా ఆలోచించలేదు. తాళం లాగి చూసే మనిషి, గ్యాసు మూడుసార్లు చూసే మనిషి, తన చెల్లెలు నిలబడే కిటికీని మర్చిపోయింది. ఏడుపు ముంచుకొచ్చింది. దాన్ని దిగమింగుకుని మేనేజరు వైపు తిరిగింది.

"సార్, పాతదాన్ని మళ్లీ లేపుతున్నాను."

మేనేజరు మొహం పాలిపోయింది. "ఇప్పుడే కదమ్మా అందరికీ అయిపోయిందని చెప్పాను! తనిఖీవాళ్లు చూశారంటే..."

"తప్పు నాది సార్. పైన ఒక మనిషి ప్రాణం మీదికొచ్చింది."

ఆయన రెండడుగులు అటు వేసి ఇటు వచ్చాడు. ఆయన్ని తిట్టుకోవడం తేలికే గానీ, ఆ క్షణంలో ఆయన అన్న మాట వింటే తిట్టబుద్ధి కాదు. "తిప్పేయండి. వాళ్లతో నేను మాట్లాడుకుంటాను" అన్నాడు.

పొద్దున చెల్లెలికి చెప్పిన మాట ఒకటైనా నిలబడింది. పాతది పక్కనే చెక్కుచెదరకుండా ఉంది. లేపగానే లేచింది.

"పంపవే. ఆగినట్టు అనిపించినా ఆపకు. అలాగే పట్టుకో."

ఫోటో రావడం మొదలైంది. రావడమంటే కారుతున్న కుళాయి కింద బిందె పెట్టినట్టు, ఇంత పడుతుంది, ఆగుతుంది, మళ్లీ ఇంత. సర్వరమ్మ తెర మీద ఆ అంకె పెరగడాన్నే చూస్తూ కూర్చుంది. మేనేజరు ఆవిడ భుజం వెనక నిలబడ్డాడు. ఒకసారి ఎంతసేపటికీ కదల్లేదు. కొత్తదైతే ఈపాటికి మొహాన తలుపు వేసేది. పాతది వెయ్యలేదు. ఓపిగ్గా గడియ పట్టుకుని నిలబడింది. మళ్లీ ఒక చుక్క పడింది.

చిట్టచివరికి నిండింది. గుండె డాక్టరు చూశాడు. ఇంజెక్షను ఇవ్వమన్నాడు, ఎంత ఇవ్వాలో, ఎంత నెమ్మదిగా ఇవ్వాలో చెల్లెలికి ఫోనులో పక్కనే ఉన్నట్టు చెబుతూ ఇప్పించాడు. చాలాసేపు ఎవరి దగ్గర్నుంచీ ఏ కబురూ లేదు. తరవాత చెల్లెలు ఫోన్ చేసింది.

"నొప్పి తగ్గుతోందంటోందక్కా. రవిక చింపావెందుకే, బొత్తాలు విప్పితే సరిపోయేది కదా అని తిడుతోంది." అని, వెక్కి వెక్కి ఏడ్చింది. ఈసారి ఆపుకోవాల్సిన పని లేక అక్క కూడా ఏడ్చింది.

కళ్లు తుడుచుకున్నాక సర్వరమ్మ నిదానంగారికి ఫోన్ కలిపింది. ఇంకా మొహం చెల్లకపోవడమేమిటని తనని తాను తిట్టుకుంటూనే కలిపింది.

"చెప్పు తల్లీ" అన్నాడాయన, నిన్ననే మాట్లాడినట్టు.

ఆవిడ దాచకుండా చెప్పింది. లైను తీసేసింది తానేనని, అడుగుదామనుకుని అడగలేదని కూడా చెప్పింది. ఆయన ఊఁ కొడుతూ విన్నాడు.

"ఆవిడ బాగుందా ఇప్పుడు?"

"బాగుంది సార్. అన్ని లైన్లకీ కారణం రాశారు, దీనికి మాత్రం రాయలేదేం సార్?"

"కారణం రాస్తే, ఆ కారణం ఇప్పుడు లేదులే అని ఎవరో ఒకరు తీసేస్తారు. రాయకపోతే భయపడి ముట్టుకోరనుకున్నాను."

"ముట్టుకునేదాన్ని మీరే తయారుచేశారు సార్."

ఆయన చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. "అసలు సంగతి అది కాదులే తల్లీ. రాయడానికి నాకు చెయ్యి రాలేదు. పై కేంద్రంలో మీ చెల్లెలికి ముందు ఒక నర్సు ఉండేది, తెలుసా?"

"గుండెపోటుతో పోయిందని విన్నాను."

"ఒంటరిగా ఉంది ఆ రోజు. తన ఈసీజీ తానే తీసుకుంది. తానే ఫోటో పట్టి పంపింది. అప్పట్లో మన దగ్గర అరనిమిషమే. సగం కాగితం వచ్చింది. డాక్టరుగారు మిగతా సగం కోసం చూస్తూ కూర్చున్నారు. రాలేదు. తరవాత నేను ఆ కొండెక్కాను. ఆ కిటికీ దగ్గర నిలబడి, అలాంటి కాగితమే, మబ్బు పట్టిన రోజున, రావడానికి ఎంత పడుతుందో గడియారం పెట్టుకుని చూశాను. ఆ అంకె అదే."

ఆ కిటికీ దగ్గర ఇప్పుడు సర్వరమ్మ చెల్లెలు నిలబడుతోంది. ఆ లైను ఎప్పుడో పోయిన మనిషి కోసం మాత్రమే రాసింది కాదు. ఇన్నాళ్లూ అది తన చెల్లెల్ని కాస్తోంది. దాన్ని తన చేత్తోనే తీసేసింది.

"క్షమించండి సార్" అంది.

"నన్నెందుకు అడగడం తల్లీ. పాతదాన్ని అలా వదలకు, అందులో కన్నాలున్న మాట నిజమే. కొత్తదే పెట్టు. కొండమీది వాళ్లకి మాత్రం వేరే తలుపు పెట్టు, వాళ్లకే తెలిసిన తాళంతో. అక్కడ ఓపిక ఉంచు, మిగతా చోట్ల వద్దు." ఆగి అడిగాడు. "మెట్లకింద నా స్టూలు ఉందా ఇంకా?"

"ఉంది సార్."

"ఆ భవనంలో సిగ్నలు చచ్చే చోటు అదొక్కటే. అక్కడ కూర్చుని పరీక్ష చెయ్యి. పైన నీ కుర్చీలో కూర్చుని చూస్తే లోకమంతా బాగానే ఉంటుంది."

ఎండ వాలకముందే సర్వరమ్మ కొత్తదానికి రెండో తలుపు పెట్టింది. లైను మళ్లీ రాసింది, అదే అంకె. ఈసారి దాని పైన కారణం కూడా రాసింది. ఆ నర్సు సంగతి, కిటికీ సంగతి, పిన్ని సంగతి, అన్నీ. చదివిన మనిషికి తీసెయ్యడానికి చెయ్యి రాకూడదని వివరంగా రాసింది. సెట్టింగులు సరిచూసింది. పాతదాన్ని మళ్లీ పక్కన కూర్చోబెట్టింది. కొండమీది కేంద్రాలన్నిటికీ ఫోన్ చేసి, కొత్త తలుపు అడ్రసూ తాళమూ అందరి చేతా రాయించి, చెల్లెలి చేత మళ్లీ చదివించింది. తరవాత ఫోను తీసుకుని మెట్లు దిగింది.

కొట్టుగదిలో స్టూలు మీద దుమ్ము తుడుచుకుని కూర్చుంది. ఫోనులో సిగ్నలు ఉందా లేదా అన్నట్టు ఒక గీత వెలిగి ఆరుతోంది. ఈసీజీ ఫోటో ఒకటి కొత్త తలుపు మీదికి పంపింది. అది నత్తలా కదిలింది. తల వంచుకుని దాన్నే చూస్తూ ఉండిపోయింది.

తనిఖీవాళ్లతో మాట్లాడి వస్తున్న మేనేజరు మెట్ల దగ్గర ఆగి లోపలికి చూశాడు. స్టూలు, వంచిన తల, చేతిలో ఫోను. ఎన్నేళ్లుగానో తాను చూసి నవ్విన దృశ్యం అది.

"ఏంటి మేడమ్, మీరు కూడా..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. తెర మీద కదిలీ కదలని గీత ఆయనకి కనపడింది. ఆయన స్టూలు వంకా, ఆ గీత వంకా, మళ్లీ స్టూలు వంకా చూశాడు. "అంటే ఆయన ఇన్నాళ్లూ ఇక్కడ..."

"అవును సార్."

మేనేజరు నెత్తి తగలకుండా వంగి లోపలికొచ్చి, చెయ్యి విరిగిన కుర్చీ ఒకటి లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"ఎంతసేపు పడుతుంది?"

"కాసేపు పడుతుంది సార్."

"పట్టనివ్వండి" అన్నాడాయన.